ఓట్లకొచ్చిన కలెక్టరు, రోడ్డు దిగిన బండ్లు

మా పాత కలెక్టరుగారు ఉద్యోగం వదిలి పార్లమెంటుకు పోటీ చేస్తున్నారని తెలిసి, ఆయన చేతులు జోడించే దృశ్యం చూద్దామని నిజామాబాద్ బయలుదేరాను. హైదరాబాద్‌కు బదిలీ కాకముందు నేను ఆయన ఆఫీసులో గుమాస్తాను. మా నమస్కారాలకు ఆయన తల కూడా ఊపేవారు కాదు. ఇలాంటి తీర్థయాత్ర జన్మకోసారి దొరుకుతుంది.

పొద్దున సికింద్రాబాద్‌లో ఎక్కిన రైలు మధ్యాహ్నానికి దింపింది. స్టేషను ఎదుటి హోటల్లో పూరీ తిన్నాను. వెళ్లేవారు అక్కడి చట్నీ జోలికి పోవద్దు. ఆ రోజు ఆయన ప్రచారం బోధన్ వైపట. రెండు గంటలకు బోధన్ బస్సులో సీటు దొరికింది. పక్కనున్న పెద్దాయనను అభ్యర్థి ఎలాంటివాడని అడిగాను.

"మంచోడే సారూ. గన్నేండ్లున్నడు, మాతోని ఒక్క మాట గూడ అనలే. అసలు మాట్లాడితేగద!"

ఎడపల్లి దాటాక రోడ్డంతా బోధన్ చక్కెర ఫ్యాక్టరీకి పోయే చెరకు బండ్లే. ఇంతలో వెనక జీపు హారన్ మోగింది. ఆయనే! కలెక్టరుగా ఉన్నప్పుడు తన జీపు వస్తే బండ్లు రోడ్డు దిగాలని హుకుం వేశారు. పదవి పోయినా హుకుం పోలేదు. మా డ్రైవరు బస్సును పక్కకు తీశాడు. బండ్లన్నీ వరుసగా రోడ్డు దిగాయి. బండివాళ్లు ఎడ్ల చాటుకు చేరారు. పాపం, ఓట్లడగడానికి వచ్చిన పెద్దమనిషికి ఖాళీ రోడ్డు తప్ప ఎవరూ మిగల్లేదు.

చివరి బండి చక్రం రోడ్డు పక్క కాలువలో దిగబడింది. ఆ బండి తోలే రైతు గంగారాం మాత్రం దాక్కోలేదు. నేరుగా జీపు దగ్గరికి వెళ్లాడు.

"నిన్న కొట్టిన చెరకు దొరా. పొద్దుగూకక ముందే గేటు దాటకుంటే ఎండి కట్టెలైతది. ఏడాది కష్టం. జర చెయ్యి పట్టుండ్రి."

ఆయన జీపు దిగారు. చేతులు జోడించారు కూడా, కళ్లారా చూశాను. తర్వాత బండి చుట్టూ ఒకసారి తిరిగి, "ఎవరక్కడ?" అని కేకేశారు. "సార్!" అంటూ బస్సులోంచి దూకింది నేనే. నామీద నాకే ఒళ్లు మండింది. నేనూ, పెద్దాయనా, డ్రైవరూ బురదలో దిగి భుజాలు పెడితే, ఆయన రోడ్డు మీద నిలబడి తనిఖీ చేశారు. బండి గట్టెక్కగానే "సాధించాం!" అని జీపెక్కి వెళ్లిపోయారు.

నాకు మళ్లీ బస్సెక్కబుద్ధి కాలేదు. గంగారాం బండి వెనకే నడిచాను. గేటు మూసే వేళకు చెరకు లోపలికి పోయింది. జీతం పెరిగిన రోజు కూడా నేనంత సంతోషపడలేదు.

బండి ఖాళీ అయి బయటికొచ్చేసరికి చివరి బస్సు పోయింది. ఎడపల్లి దాకా గంగారాం బండిలోనే తిరుగు ప్రయాణం. ఓటెవరికని అడిగాను.

"ఆయనకే. మావోళ్లందరికి గూడ చెప్పిన."

"చెయ్యి కూడా వెయ్యనివాడికా?"

"గెలిస్తె ఢిల్లీకి వోతడు గద సారూ. ఓడిపోతె గీ తొవ్వలనే తిరుగుతడు" అని గంగారాం ఎడ్లను రోడ్డు నడిమికి తోలాడు.