ఒళ్ళో మైక్రోస్కోప్

చదువుకున్నోళ్ళు ఊళ్ళో ఉండరని నాతో మాత్రం అనకండి. నేనూ అలాగే వాగాను, పాలకొల్లు నుంచి రాజమండ్రి వెళ్ళే బస్సులో. పక్కసీటు అమ్మాయి ఫిషరీస్ చదివిందట, ఉద్యోగానికి బెంగళూరు వెళ్ళిపోతోందట. "అందరూ ఇలా పారిపోతే ఊళ్ళు ఎలా బాగుపడతాయండి?" అన్నాను, ఫోన్లోంచి తల ఎత్తకుండానే.

"పారిపోవట్లేదండి. మొగల్తూరులో ల్యాబ్ పెట్టాను, రొయ్యల చెరువుల నీళ్ళు టెస్ట్ చేయడానికి. కానీ ఎవరైనా మా ల్యాబ్ మెట్లెక్కితే చాలు, ఫలానా వాళ్ళ చెరువుకి జబ్బొచ్చిందని ఊరంతా పాకిపోయేది. కొనేవాళ్ళు రేటు తగ్గించేసేవారు. ఇంకెవరొస్తారండి?"

"మీ ఇంట్లోవాళ్ళైనా?"

ఆమె నవ్వింది. "కూతురి దగ్గరికి సీసాతో వస్తే ఎవరైనా చూస్తారని, మా నాన్నగారు మా చెరువు నీళ్ళు భీమవరం పట్టుకెళ్ళారండి. అక్కడ రిపోర్టు వచ్చేసరికి చెరువులో సగం రొయ్యలు చచ్చిపోయాయి."

నేను ఫోన్ జేబులో పెట్టేశాను. ఆమె ఒళ్ళో మైక్రోస్కోప్ పెట్టె ఉంది. రాజమండ్రిలో అమ్మేస్తుందట. అయినా రోడ్డు మీద గొయ్యి వచ్చినప్పుడల్లా దాన్ని రెండు చేతులతో పైకెత్తి పట్టుకుంటూనే ఉంది.

ఇప్పుడు మీరు చెప్పండి, ఆ అమ్మాయి అక్కడ ఎవరి కోసం ఉండిపోవాలి?