వెళ్లిపోని అమ్మోరు

నా చిన్నప్పుడు గోదావరిఖనిలో మా బొగ్గుగని కంపెనీ క్వార్టర్ పక్కింటి అక్కకు ఒంటినిండా నీటిపొక్కులు లేచాయి. ఒక్కోటి కోడిగుడ్డంత ఉండేదని మనవలకు చెబుతుంటాను. అంత లేదులెండి, రేగుపండంత.

మొదట నోట్లో పుండ్లు, తర్వాత వీపు మీద పొక్కులు. చిట్లిన చోట చర్మం ఊడి పచ్చిగా కనిపించేది. అమ్మోరు పోసిందని ఆమె అత్త తేల్చేసింది. గుమ్మానికి వేపమండలు కట్టి, ఇంట్లో తాలింపు మానేశారు. మందు మాట ఎత్తితే అమ్మోరుకు కోపం వస్తుందని దవాఖానకు పోనివ్వలేదు.

అమ్మోరు కొన్నాళ్లుండి పోవాలి కదా. ఈమె పోలేదు. పాత పొక్కు మానకముందే కొత్తది లేచేది. అక్క గంజి కూడా మింగలేక, బతకదేమో అన్నంతగా చిక్కిపోయింది. నాకేమో కుతూహలం ఆగక మా అవ్వను అడిగాను.

"అవ్వా, అమ్మోరు ఇంక పోదేంది? ఆమెకు ఇల్లు లేదా?"

అవ్వ కొట్టబోయి ఆగింది. "ఔ గదరా," అంది.

మర్నాడు పొద్దున నల్లా దగ్గర అందరి ముందూ అవ్వ ఆ అత్తను ఆపింది. "వదినా, రాత్రి నా కలల అమ్మోరొచ్చింది. నేనెప్పుడో వెళ్లిపోయిన, ఇది నా పని కాదు, పిల్లను జల్ది దవాఖానకు తోల్కపోండ్రి అన్నది."

"మా ఇంటి ముచ్చట నీ కలల జెప్పుడేంది?"

"నీకు జెప్తె ఇనవని తెల్సినట్టుంది."

కాలనీ మొత్తం అవ్వ కాళ్ల మీద పడిందని నేను చెబుతాను. నిజానికి బిందెల కొట్లాట కాసేపు ఆగింది, అంతే. కానీ ఆ మధ్యాహ్నమే వేపమండలు విప్పి అక్కను తీసుకెళ్లారు.

ఇక్కడి డాక్టర్లు హైదరాబాద్‌కు పంపారు. అక్కడ పెంఫిగస్ అన్నారు. అంటుకునేది కాదన్నారు. తోడు వెళ్లిన మా నాయన వచ్చి నాకు విడమరిచాడు. "షిఫ్టు దిగి మొఖం నల్లగ జేస్కొని వస్తె మన కుక్క నన్నే జూసి మొరుగుతది గద? గట్లనే ఒంట్ల కావలి కాసేది సొంత తోలునే దొంగ అనుకుంటున్నదట."

మరి దాన్ని రెచ్చగొట్టేది ఏమిటని నేను వదల్లేదు. ఎండ, కొన్ని రకాల గోలీలు, ఫికర్, చివరికి ఎల్లిగడ్డ, అదే వెల్లుల్లి, గురించి కూడా డాక్టరు అడిగాడట. కొందరికి వాటితో పెరగొచ్చట, అందరికీ కాదట. అసలు ఎందుకు మొదలవుతుందో వాళ్లకే పూర్తిగా తెలియదట. అంత పెద్ద డాక్టరు తెలియదనడం నాకు భలే వింతగా తోచింది.

అక్క చాలాకాలం మందులు వాడి కోలుకుంది. ఆమె మళ్లీ అన్నం తిన్న రోజు అవ్వను చాటుకు లాగి, నిజంగా అమ్మోరు కలలోకి వచ్చిందా అని అడిగాను.

"ఆ పిల్ల మూలుగు వింటుంటె నిద్రే వట్టలే బిడ్డా. కలేడికెల్లి వస్తది?"

నేను జన్మంతా గొప్పలకు అబద్ధాలాడినవాణ్ని. ఇప్పటికీ ఒకటి నాలుక చివరికి వచ్చినప్పుడల్లా, దీనితో ఎవరి ప్రాణమైనా నిలుస్తుందా అని ఒక్క క్షణం ఆగుతాను. నిలవదని తెలిసినా చాలాసార్లు చెప్పేస్తాను. కానీ ఆగడం మాత్రం మానలేదు.