గుడ్లు పెట్టని బొచ్చె

రెండువేల సంవత్సరం దాటిన కొత్తలో వార్త కోసం కొల్లేటి ఒడ్డున ఉన్న చేపపిల్లల కేంద్రానికి వెళ్లాను. ముందురోజు సాయంత్రం రెండు తల్లి బొచ్చె చేపలకు గుడ్లు పెట్టించే సూది వేశారు. పొద్దున్నకల్లా ఒకటి గుడ్లు పెట్టింది. రెండోది పొట్ట ఉబ్బి అలాగే ఉంది.

"ఇంకో సూది వేద్దామాండీ? చచ్చిపోయేలా ఉంది," అన్నాడు యజమాని.

"వద్దండీ, తట్టుకోలేదు," అన్నాడు టెక్నీషియన్. మెదడు సంకేతంగా పంపే న్యూరోపెప్టైడ్‌కు ఆ మందు నకలట. పిట్యూటరీ గ్రంథి కణాల మీద ఆ సంకేతాన్ని అందుకునే రిసెప్టర్లకు అది అంటుకుంటే, గుడ్లు వదిలించే హార్మోన్ విడుదలవుతుందట.

"మరి దీనికి అంటుకోలేదా?" అన్నాను.

"అంటుకునే ఉంటుందండీ. గుడ్డు పండలేదేమో. పైకి తెలీదు కదండీ."

"పేపరాయన గారు రాస్తే రేపు చదివి తెలుసుకుందాం లెండి," అన్నాడు యజమాని.

చేపను మెల్లగా చెరువులో వదిలారు. ఒంట్లో మందుతోనే అడుక్కి వెళ్లిపోయింది. సూది గురించి రాశాను, గుడ్ల గురించి రాశాను. మధ్యలో ఏం జరిగిందో రాయాల్సిన చోట పెన్ను ఆగిపోయింది.