ద్వాదశి నాటి ఉపవాసం

ఇటుక మీద నిలబడి, నడుము మీద చేతులుంచి, మనమెంత ఆలస్యంగా వచ్చినా విసుక్కోని పాండురంగనికి ముందుగా నా సాష్టాంగం. ఆయన ఇచ్చిన నోటితోనే ఈ నాలుగు మాటలు చెబుతున్నాను.

మాది బిలోలి వైపు పల్లె. ఇంట్లో తెలుగు, బడిలో మరాఠీ. ఏటా జరిగే హరినామ సప్తాహంలో పారాయణం వింటూ పెరిగాను. పాండురంగని భక్తులు వేసుకునే తులసిమాల చిన్నప్పుడే మెడలో పడింది. నాందేడ్‌లో డిగ్రీకి చేరితే, హాస్టల్ గదిలో నాకు తోడైన అమ్మాయిది హిమాయత్‌నగర్ దగ్గరి ఊరు. తనదీ తెలుగే, తన మెడలోనూ తులసిమాలే. మొదటి రోజే నాకు ‘మహరాజ్’ అని పేరు పెట్టింది. మా వైపు కీర్తన చెప్పేవాళ్లను అలా పిలుస్తారు.

కొత్తగా చేరినవాళ్లందరికీ శనివారం ఒక క్లాసు ఉండేది. కొత్తచోట ఎలా కుదురుకోవాలి, వేరే భాషవాళ్లతో ఎలా మెలగాలి, ఉద్యోగం అడగడానికి పోతే ఎలా మాట్లాడాలి, అన్నీ అందులోనే. ఇంటర్వ్యూ నేర్పిన రోజు నా స్నేహితురాలి మరాఠీ మధ్యలో ఆగిపోయింది. వెనక బెంచీలో ఎవరో నవ్వారు. కూర్చుంది. ఆ తర్వాత క్లాసులో తను లేచి మాట్లాడటం నేను చూడలేదు.

ఇంకో శనివారం, ఆ క్లాసు తీసుకునే మేడం మనసు జబ్బుల గురించి చెప్పారు. “తోటివాళ్ల గురించి భయం వేస్తే, చచ్చిపోవాలనిపిస్తోందా అని సూటిగా అడగండి. అడిగినంత మాత్రాన ఆ ఆలోచన పుట్టదు. అవునంటే ఒంటరిగా వదలకండి, నాకు ఫోన్ చేయండి.” ఇద్దరిద్దరు ఒకరినొకరు అడిగి అలవాటు చేసుకోమన్నారు. నా జోడీ తనే. మా ఇంట్లో ఆ మాట ఎత్తితే అమ్మ ఊరుకోదు. పైన తథాస్తు దేవతలు తిరుగుతుంటారు, ఏ మాటకు తథాస్తు అంటారో ఎవరికి తెలుసు?

“అడుగవే మహరాజ్, మార్కులు పోతయ్” అని తను నవ్వింది. నేను అడగలేదు.

తర్వాత ఏకాదశి వచ్చింది. ఇద్దరం ఉపవాసం ఉన్నాం. నేను సాబుదానా, అదే సగ్గుబియ్యం తిన్నాను, తను అదీ వద్దంది. నిష్ఠ అనుకుని సంతోషించాను. తెల్లవారి మెస్ నుంచి తనకూ రొట్టె, పప్పు తెచ్చాను.

“నాకు ఉపాసం” అంది, గోడవైపు తిరిగి పడుకుని.

“ఏకాదశి నిన్ననే అయిపాయె గదనే. ఇయ్యాల ద్వాదశి.”

“ఇది ఇంకో దేవునిది.”

“ఏ దేవునిదే?”

“అన్నీ నీకే చెప్పాల్నా? క్లాసుకు పో మహరాజ్, ఆలస్యమైతది.”

సంచీ తగిలించుకుని మెట్లు దిగుతుంటే పక్కగది అమ్మాయి ఎదురై, “మీ దోస్తు రాత్రి మామిడితొక్కు డబ్బా మొత్తం మాకే ఇచ్చేసింది. ఇగ తనకు అక్కర్లేదంట!” అంది. ఆ పచ్చడి నా స్నేహితురాలి నాయనమ్మ పెట్టింది. తను మాకు చెంచాతో కొలిచి వేసేది.

ద్వాదశి నాడు పారణ చేసి ఉపవాసం విడవకపోతే ఏకాదశి ఫలమే దక్కదని మాలవేసుకున్న ఇంట్లో పసిపిల్లకు కూడా తెలుసు. తనకు తెలియదా? ఫలం అక్కర్లేని ఉపవాసం దేనికోసం?

వెనక్కి పరుగెత్తాను. తలుపుకు లోపల గడియ పడి ఉంది. కొట్టాను. పిలిచాను. విఠలా, విఠలా అంటూ రెండు చేతులతో బాదాను. చివరికి గడియ తీసింది.

“ఏందే, హాస్టల్ కూల్తుందా?” అంది. నవ్వలేదు.

ఆ మాట ఇప్పుడు అడగాలి. పైన తిరిగే దేవతలు ఇప్పుడే వింటే? నా నోటితోనే దీన్ని పైకి పంపేస్తానేమో? మాలను పిడికిట్లో పట్టుకుని, దేవుడా, నీవొక్కడివే విను అనుకుని అడిగేశాను.

“నీకు చావాలె అనిపిస్తుందా?”

తను నా పిడికిలి మీద చెయ్యి వేసింది.

“అనిపిస్తుంది” అంది. “ఎవలన్న అడుగుతరేమో అని చూసిన.”

నేను ఏడ్చాను. తన చెయ్యి వదలకుండానే మేడంకి ఫోన్ చేశాను. ఆమె వస్తున్నానన్నారు.

“కీర్తన చెప్పవా?” అంది తను.

“చెప్ప. ఊకుంట. నువ్వు పారణ చెయ్యి.”

చల్లారిన రొట్టె తుంచి ఇచ్చాను. నమలడానికి చాలాసేపు పట్టింది. మింగాక ఇంకో ముక్క తుంచాను.

మేడం తనను డాక్టరు దగ్గరికి తీసుకువెళ్లారు. తన నాన్న వచ్చి ఇంటికి తీసుకుపోయాడు. మందులు వాడుతోంది, మళ్లీ చేరతానంటోంది. ఒక్కో రోజు బాగుంటుంది, ఒక్కో రోజు ఫోన్ తీయదు. ప్రతి ద్వాదశి పొద్దున “తిన్నవానే?” అని అడుగుతాను. జవాబు వచ్చేదాకా ఆనాటి భయమే, గడియ పడ్డ ఆ తలుపు ముందు నిలబడినట్టే.

చదివేవారికి దండం పెట్టి అడుగుతున్నాను. మీరు ఉపవాసం విడిచే పొద్దున, మొదటి ముద్ద నోట్లో పెట్టుకునే ముందు, పేరు తెలియకపోయినా ఆ పిల్లను తలుచుకోండి. నాతో కలిసి అనండి: పాండురంగా, ఆమెను ఇవాళ కూడా తిననివ్వు.