ఎడమ కార్బురేటర్ అట్టముక్క

2023 జూన్ నాటికి తార్నాకలో నా షాపు మూసి తొమ్మిది నెలలైంది. నా భార్య సరళ పోయాక షట్టర్ ఎత్తాలనిపించలేదు. ఇరవై ఎనిమిదేళ్లు పాత మోటార్‌సైకిళ్ల ఇంజిన్లు విప్పి బిగించినవాణ్ణి, ఇంట్లో కూర్చుని చదువుకుంటూ ఉండిపోయాను. అప్పుడు యూనివర్సిటీ క్యాంపస్ క్వార్టర్స్ నుంచి లిడియా అనే అమ్మాయి ఫోన్ చేసింది. షాపు మూసేశానని చెప్పాను. "షాపు కాదు అంకుల్, మీరు కావాలి" అంది.

వాళ్ల నాన్న ఫిజిక్స్ ల్యాబ్‌లో టెక్నీషియన్. ఉద్యోగంలో ఉండగానే ముందు ఏడాది చనిపోయారు. నెలాఖరుకు క్వార్టర్ ఖాళీ చేసి, తల్లీకూతుళ్లు మౌలాలిలో అద్దె ఇంటికి వెళ్లాలి. ఆయన నడిపిన రెండు సిలిండర్ల పాత బండి వరండాలో కదలకుండా ఉంది. నడిస్తే వెంట తీసుకెళ్దాం, లేకపోతే వదిలేద్దామని తల్లి సుగుణమ్మ గారు తేల్చేశారు. ముషీరాబాద్ నుంచి పాతసామాన్ల వ్యాపారి శనివారం వస్తానన్నాడు. నేను వెళ్లింది గురువారం.

"నిజం చెప్పండి అంకుల్. అయితదా, కాదా?"

"విప్పకముందే చెప్పేటోడు మెకానిక్ కాదు బిడ్డా, జ్యోతిష్కుడు."

కార్బురేటర్ పని పెట్రోలును గాలితో కలిపి ఇంజిన్‌కు పంపడం. ఈ బండికి సిలిండర్‌కు ఒకటి చొప్పున రెండున్నాయి. నిలిచిపోయిన పెట్రోలు జిగురులా ఎండి జెట్లను మూసేసింది. జెట్ అంటే సన్నని రంధ్రమున్న ఇత్తడి మర; పెట్రోలు దాని గుండానే కొలతగా వస్తుంది. రెండు కార్బురేటర్లనూ ఇంటికి తెచ్చి వంటగది గట్టు మీద కడిగాను. సరళ ఉంటే పెట్రోలు చేతులతో నన్ను ఆ గట్టు దగ్గరికి రానిచ్చేది కాదు.

విప్పేటప్పుడు ఒకటి గమనించాను. కార్బురేటర్ ఇంజిన్‌కు కలిసేచోట గాలి చొరబడకుండా గాస్కెట్ అనే పలుచని పొర ఉంటుంది. కుడివైపు కంపెనీ గాస్కెట్ ఉంది. ఎడమవైపు మాత్రం ఎవరో చేత్తో కత్తిరించిన అట్టముక్కలు, రెండు పొరలు. ఇంట్లో చేసిన అతుకుల పని అనుకుని నూనె గుడ్డలతో పాటు చెత్తలో వేశాను. ఒకవైపే ఎందుకు అని అడగాల్సింది. అడగలేదు.

శుక్రవారం పొద్దున రెండువైపులా కొత్త గాస్కెట్లు వేసి బిగించాను. లిడియా కొట్టిన మూడో కిక్కుకే ఇంజిన్ అందుకుంది. ఆమె చప్పట్లు కొట్టింది. నాకు మాత్రం ఆ శబ్దం నచ్చలేదు. యాక్సిలరేటర్ వదిలేసినా ఇంజిన్ వేగం తగ్గడం లేదు. ఆపి ఎడమ సిలిండర్ స్పార్క్ ప్లగ్ తీశాను. దాని మొన తెల్లగా ఉంది. అంటే గాలి ఎక్కువ, పెట్రోలు తక్కువ. ఇలాగే నడిపితే వేడికి పిస్టన్ సిలిండర్‌లో కదలకుండా పట్టేస్తుంది.

"స్టార్ట్ అయింది కదా, చాలు అంకుల్. రేపు అమ్మకు చూపిస్తే ఆ వ్యాపారిని రావొద్దంటది."

"అమ్మను మోసం చేస్తవు సరే, పిస్టన్‌ను ఎట్ల చేస్తవ్?"

మళ్లీ స్టార్ట్ చేయించి, గాస్కెట్ ఉన్న అంచు చుట్టూ కొద్దికొద్దిగా నూనె చుక్కలు వేశాను. ఒకచోట నూనె పడగానే వేగం తగ్గింది. గాలి అక్కడే దూరుతోంది. ఇంజిన్ ఆపించి బోల్టులు ఇంకాస్త బిగించాను. మార్పు లేదు. ఇంకా బిగిస్తే అంచు విరుగుతుంది. ఆ బండికి ఇంకో కార్బురేటర్ శనివారంలోపు ఎక్కడా దొరకదు.

టీ తెచ్చిన సుగుణమ్మ గారు నా చేతిలోని స్పానర్‌ను చూశారు.

"అంత బిగించకండి. ఆయన ఆ పక్క ఎప్పుడూ బిగించేవారు కాదు. అట్ట పెట్టారా?"

"ఏ అట్టమ్మా?"

"ఇదెక్కడి చోద్యమండీ! ఆన్సర్ షీట్ల అట్ట. ఆ పక్క వంకర ఉంది, రెండు పొరలు ఉండాల్సిందే అనేవారు. నా కుట్టు కత్తెరతోనే కోసేవాళ్లం. ఆ బెజ్జాలు నేను పెట్టినవే."

"పారేసిన."

"నన్నొక మాట అడగొచ్చుగా?"

"మీకు తెలుస్తదనుకోలేదమ్మా."

"ఆయన బండి విప్పినప్పుడల్లా దీపం పట్టుకున్నది ఎవరనుకున్నారు మరి?"

లిడియా నవ్వింది. నేను నవ్వలేకపోయాను.

కార్బురేటర్ విప్పి, వాళ్ల టీపాయ్ అద్దం మీద అంచును ఆనించి, వెనక ఫోన్ లైటు పెట్టాను. అద్దానికీ అంచుకూ మధ్య ఒక మూల నుంచి వెలుతురు వచ్చింది. ఎప్పుడో ఎవరో అతిగా బిగించినందుకు లోహం వంగిందన్నమాట. ఆ సందును ఆయన అట్టతో నింపారు.

"ఇది సాపు చేయొచ్చు. ఆయనకు తెలవదా?"

"తెలుసు. వచ్చే ఆదివారం చేస్తాననేవారు. ఆదివారం చర్చి, తర్వాత భోజనం, తర్వాత నిద్ర" అన్నారావిడ.

అద్దం మీద గరుకు కాగితం పరిచి, అంచును గుండ్రంగా తిప్పుతూ రెండు గంటలు అరగదీశాను. కాసేపటికి సుగుణమ్మ గారు కూడా నేల మీద కూర్చుని, అద్దం కదలకుండా పట్టుకున్నారు. గాస్కెట్ వేస్తుంటే, "ఇక అట్ట అక్కర్లేదా?" అని అడిగారు. అక్కర్లేదన్నాను. ఆవిడ తల ఊపారు. "సరే. ఆయన అనుకున్న పని అయిందిగా" అన్నారు.

ఈసారి ఇంజిన్ నెమ్మదిగా, ఒకే లయలో తిరిగింది. ఐదు నిమిషాల తర్వాత తీసిన ప్లగ్ మొన లేత గోధుమ రంగులో ఉంది. అదే సరైన రంగు. లిడియా అక్కడే నిలబడి వ్యాపారికి ఫోన్ చేసి రావొద్దంది. క్వార్టర్ ఖాళీ చేసిన రోజు సామాను ఆటోట్రాలీలో వెళ్లింది. లిడియా బండి నడుపుతుంటే, వెనక సీటు మీద ఒళ్లో కుక్కర్ పెట్టుకుని, సుగుణమ్మ గారు మౌలాలికి వెళ్లారు.

మరుసటి వారం షట్టర్ ఎత్తాను. చేత్తో చేసిన అతుకు కనిపిస్తే ఇప్పుడు పారేయను. అది ఏదో ఒక లోపాన్ని పూడుస్తూ ఉండవచ్చు. ముందు ఆ లోపమేమిటో వెతుకుతాను. బండి తెచ్చినవాళ్లను ఒక ప్రశ్న కూడా అడుగుతున్నాను: "ఇంట్ల రిపేరు చేసినప్పుడు పక్కన ఎవరుండేవారు?" చాలామంది కాసేపు ఆలోచించి, ఇంటికి ఫోన్ చేస్తారు.