మా అమ్మకు తెలియని గల్లీ

మా చిన్నప్పుడు... దబీర్‌పురాలో మా గల్లీ ఆడవాళ్లకు వీధితో పనే ఉండేది కాదు. ఇంటికీ ఇంటికీ మధ్య పెరటి గోడలో దిడ్డి దర్వాజ... వంగి దూరేంత చిన్న తలుపు. చేబదులు పప్పైనా, పురుడైనా, పరామర్శైనా అందులోంచే. మేం హిందువులమే అయినా, ఆడవాళ్లు పరాయి మగవాళ్ల కంటపడని ఘోషా మాత్రం ఆ గల్లీలో అందరిదీ. నేను బడికి వెళ్లేది కూడా పరదా కట్టిన రిక్షాలోనే.

పెరటి గడపలో నిలబడితే కుడిచేతి వైపు, ఒక ఇల్లు దాటాక యునానీ వైద్యం చేసే హకీం గారి ఇల్లు. అమ్మ కళ్లు మూసుకుని వెళ్లి వచ్చేది.

ఒక మధ్యాహ్నం చంటి తమ్ముడు జ్వరంతో ఒళ్లు కాలిపోతూ, కాళ్లూ చేతులూ కొట్టుకోసాగాడు. బాపు మూసీ అవతల కచేరీలో, కొలువులో ఉన్నాడు. అమ్మ వాణ్ణి ఎత్తుకుని దిడ్డిలోంచి పరుగెత్తింది. నేను కొంగు పట్టుకుని వెనకాలే...

హకీం గారి దిడ్డికి అవతల గడియ! ఆ ఇంటి ఆడవాళ్లంతా పెళ్లికి పోయారట. ఆయనేమో ముందు గదిలో రోగుల మధ్య.

"దర్వాజ తియ్యుండ్రి... పోరడు దక్కేటట్టు లేడు!" అమ్మ గొంతు చినిగిపోయింది. ఎవరికి వినబడుతుంది?

ఆ మధ్య ఇంటి ముసలమ్మ వీధి తలుపు తీసి "ముంగటికెళ్లి ఉరుకు బిడ్డా" అంది.

అమ్మ మొదటిసారి మా గల్లీలో కాలు పెట్టింది. కుడికి పరుగెత్తింది. పెరట్లో కుడికి ఉండే ఇల్లు, వీధిలోకి వస్తే ఎడమకు వస్తుందని ఆమెకెవరు చెప్పారు? తలుపులన్నీ ఒక్కలాగే ఉన్నాయి. హకీం గారూ అని అరుస్తూ తట్టిన ప్రతి తలుపూ తప్పే...

గల్లీ మలుపులో పాన్ డబ్బా అతను అరిచాడు. "ఉధర్ నహీ అమ్మా! హకీం సాబ్ కా ఘర్ పీఛే రహ్ గయా!"

హకీం గారి ఇల్లు వెనకే ఉండిపోయిందట. వెనక్కి పరుగెత్తాం. హకీం గారు తమ్ముడి నాడి పట్టుకుని చాలాసేపు వదల్లేదు. "జరా పహలే ఆతే తో, బేటీ..." కాస్త ముందొచ్చి ఉంటే తమ్ముడు దక్కేవాడని ఆ మాటకు అర్థం.

హకీం గారింటి ఆడవాళ్లు పెళ్లి నుంచి తిరిగొచ్చి, పరామర్శకు ఆ దిడ్డిలోంచే వచ్చారు. అప్పుడు గడియ తీసే ఉంది. నాకు ఆ తలుపు మీద ఇప్పటికీ కోపమే.

ఇప్పుడు దిడ్డిలన్నీ ఇటుకలు పెట్టి మూసేశారు. నా మనవరాలు స్కూటీ మీద ఒక్కతే ఫలక్‌నుమా దాకా పోయి వస్తుంటే కడుపు నిండిపోతుంది. అమ్మ మాత్రం ఆఖరి రోజుల్లో, నన్ను కూడా గుర్తుపట్టనప్పుడు, ఇదొక్కటే అడిగేది.

"బయటికి పోతే... ఎడమకా, కుడికా బిడ్డా?"

ఎడమకే అమ్మా అనేదాన్ని. కాసేపాగి మళ్లీ అడిగేది...

మీ అమ్మలకు వాళ్ల గల్లీ తెలుసా? వాళ్లు ఏ దారుల్లో నడిచారో చెప్పండి... వినాలని ఉంది.