తాత బతికే ఉన్నాడని రుజువు చేసిన రోజు

బతికున్న మా తాతను ఒక పూట చంపిన ఘనత నాది. కంగారు పడకండి, కేసేమీ కాలేదు. పైగా ఆ పని చేసింది, ఆయన బతికే ఉన్నాడని రుజువు చేసే ప్రయత్నంలో. వినాయకుణ్ణి చేయబోతే కోతి అయిందంటారు. నాకు ఆపాటి అదృష్టం కూడా దక్కలేదు. కోతయినా ఊపిరి పీలుస్తుంది కదా.

తాత బ్యాంకు మేనేజరుగా పెనుకొండలోనూ, ధర్మవరంలోనూ పనిచేసి, రిటైరయ్యాక హిందూపురంలో స్థిరపడ్డాడు. పెన్షను మాత్రం ధర్మవరం బ్రాంచిలోనే ఉంచుకున్నాడు. ప్రతి నవంబరులో అక్కడికి వెళ్లి, 'నేను బతికే ఉన్నాను' అని సంతకం పెట్టి రావాలి. మా ఇంటికి పది నిమిషాల నడకలో అదే బ్యాంకు ఉండగా ఈయన రైలెక్కడమేమిటని నాకు మహా చిరాకు. అప్పుడు నేను ఇంజనీరింగు చివరి ఏడాది. అంటే, ఇతరుల జీవితాలను బాగుచేయాలనే జబ్బు ముదిరిన దశ.

ఆ పొద్దున తాత గంజి పెట్టిన తెల్లచొక్కా తొడిగి, జేబుకు పెన్ను తగిలించి, పెళ్లికొడుకులా గడప దాటబోతుంటే అడ్డుపడ్డాను.

"తాతా, యాడికీ పోయే పనిలేదు. ఫోన్లోనే అయిపోతాది. కెమెరా చూసి కండ్లార్పు, చాలు."

"కండ్లార్పితే బతికినట్లేనా?"

"గవర్నమెంటు ఒప్పుకుంటాది."

"మధ్యాన్నం మూడు గంటలకు మా బ్రాంచిలో ఈ పరీక్ష పెట్టింటే ఒక్కడూ పాసయ్యుండడు రా."

తాత ఫోనే ఆయన ముఖానికి ఎదురుగా పెట్టాను. ఆయన కండ్లార్పబోయినప్పుడల్లా తెరమీద 'నాగప్ప' అని ఫోను రావడం, నేను కట్ చేయడం. నాగప్ప ఒకప్పుడు పెనుకొండ బ్రాంచిలో తాత దగ్గర అటెండరు. మూడుసార్లు కట్ చేశాక పచ్చ టిక్కు పడి, సర్టిఫికెట్టు వచ్చింది. ఆ వెంటనే బ్యాటరీ అయిపోయి ఫోను ఆగిపోయింది. ఛార్జింగుకు పెట్టి, తిరిగి ఆన్ చేయడం మరిచిపోయాను.

"అయిపాయ తాతా! రెండే నిమిషాలు!"

"అట్లనా" అన్నాడు తాత. చేతిసంచి మేకుకు తగిలించి, ఆ చొక్కాతోనే వరండాలో మంచమెక్కి, తలనుంచి పాదాలదాకా దుప్పటి కప్పుకున్నాడు. మెచ్చుకోలు కోసం కాసేపు అక్కడే నిలబడ్డాను. రాలేదు.

వంటింట్లోకి వెళ్లి అడిగాను. "ఏమవ్వా, తాత సంతోషపళ్లేదే?"

"మీ తాత సంతకం పెట్టేకి పోతాడనుకుంటివా? పెనుకొండలో నాగప్ప రైలెక్కుతాడు. ఇద్దురూ మాట్లాడుకుంటా ధర్మవరం పోతారు. ఆడ మగ్గం నేసే లక్ష్మమ్మ పూర్ణం పెట్టి ఓళిగలు చేసి పెడతాది. ఏడాదికంతా ఆయనకు అదొక్కటే పండగ. దాన్ని రెండు నిమిషాల్లో ముగిస్తివి కదా, నా బంగారూ!"

రేపు నేనే తీసుకుపోతానని ఎలా చెప్పాలా అని మధ్యాహ్నందాకా మాటలు వెతుక్కున్నాను. అవి దొరకలేదు గానీ, గేటు ముందు ఆటో ఆగింది. ముందు నాగప్ప, చేతిలో మూరల కొద్దీ చేమంతి దండ. వెనక క్యారియరుతో లక్ష్మమ్మ. ఏటా తప్పని మనిషి రైల్లో లేడు, ధర్మవరంలోనూ దిగలేదు. ఫోను మూడుసార్లు కట్టయి, ఆపైన మూగబోయింది. నవంబరులో కనబడని పెన్షనుదారు ఏమైనట్టో బ్యాంకు అటెండరుకు వేరే చెప్పాలా? దానికి తోడు ఎదురుగా ఆ దుప్పటి.

"పోతివా సార్!" అని నాగప్ప దండను దుప్పటిమీద పరిచి కూలబడ్డాడు.

లక్ష్మమ్మ కొంగు నోట్లో కుక్కుకుంది. "పట్టు నేసి నేసి నా వేలిముద్ర అరిగిపోయిందని బ్యాంకులో అందురూ ఎనక్కి పంపిరి. ఈ సామి ఎదురుగా కూకబెట్టుకోని, దినామూ ఆయన తిండి తినే టయంలో నాకు పేరు రాసేది నేర్పించె."

"పెనుకొండలో ఆరేండ్లు సార్ కింద పనిజేస్తి. ఒక్కదినం నా మింద గొంతు పెంచలేదే!" అన్నాడు నాగప్ప.

దుప్పటి కిందినుంచి గొంతు వచ్చింది. "ఆరు కాదప్పా. నాలుగున్నర."

నాగప్ప గేటుదాకా ఎలా చేరాడో ఆయనకే తెలియదు. ఆటో చప్పుడుకే తాతకు మెలకువ వచ్చిందట. పూర్తిగా చదవనిదే ఏ కాగితంమీదా సంతకం పెట్టని మనిషి కదా, కదలకుండా విన్నాడు. తప్పు దొర్లిన చోటే ఆపాడు.

"చూస్తివా" అన్నాడు నాతో. "నువ్వు తెచ్చిన సర్టిఫికెట్టు గవర్నమెంటు నమ్మింది. వీళ్లు నమ్మలేదు." తర్వాత ఆ దండ తీసి నా మెడలో వేశాడు. "ఏడుస్తా వస్తి గానీ, ఓళిగలు మాత్రం మర్చిపోలేదు" అంటూ లక్ష్మమ్మ క్యారియరు విప్పింది. అందరం తిన్నాం. తింటున్నంతసేపూ తాత కండ్లార్పుతూనే ఉన్నాడు. ఎదుట ఏ కెమెరా లేదు.

ఆ తర్వాత ఏటా నేనే వెంటబెట్టుకుని రైలెక్కించాను. రెండేళ్ల కిందట తాత నిజంగానే పోయాడు. ఇప్పుడు ఎవరికీ ఏ రుజువూ అక్కర్లేదు. అయినా నవంబరు వస్తే నాగప్ప ఫోను చేస్తాడు. "అబ్బోడా, బయల్దేరినావా?" బయల్దేరతాను. ధర్మవరంలో లక్ష్మమ్మ ఇప్పటికీ తాతను కూడా లెక్కలో కలిపే ఓళిగలు చేస్తుంది.

మొన్న నవంబరులో నాగప్ప ఫోను వచ్చినప్పుడు స్నానం చేస్తూ ఎత్తలేకపోయాను. తువ్వాలు చుట్టుకొని బయటికి వచ్చేసరికే అవ్వ ఫోన్లో నాగప్ప గొంతు. "అమ్మా, అబ్బోడికి దండ ఎన్ని మూరలు తెచ్చేది?"

కావున హిందూపురం స్టేషను సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. పెద్దవాళ్లు రోజంతా చేసుకునే పనిని ఇక రెండు నిమిషాల్లో ముగించను. నాగప్ప ఫోను కట్ చేయను. స్నానానికి పోయినా సబ్బు మరిచిపోతానేమో గానీ ఫోను మరిచిపోను. నమ్మకం కుదరకపోతే చెప్పండి, కండ్లార్పి చూపిస్తాను.